తలుపు మూసినంత మాత్రమున తిన్నట్లేనా?

2024 సెప్టెంబరు మొదటి వారమున ప్రకాశం బ్యారేజీనుండి 11 లక్షల క్యూసెక్కులకు పైబడిన నీరు దిగువకు రాగా కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలముల లంకలు మునిగినపుడు, మోకాటిలోతు నీటిలో బియ్యపు మూటలు మోసిన స్వచ్ఛంద సేవకులకు జీతములు లేవు. వరద తీసిన పిమ్మట, మిగిలిన చందాలో ఎవరికెంత ఈయవలెనో నిర్ణయించుటకు తలుపు మూసికొని కూర్చుండుటయే ఇట్టి సేవకుల సంఘములు చేయు మహాపాపము. "తలుపెందుకు మూసినారు? పంచుకొనుటకే" అను మాట నగరంలో పుట్టి, సాయంకాలపు బస్సెక్కి రేపల్లె చేరునప్పటికి "లక్షలు మింగినారట" అయి కూర్చుండును.

సంఘమునకు కలుగు అప్రతిష్ఠ సంగతి అటుంచుడు. అసలు దెబ్బ తినువాడు అర్థి. నింద భరింపలేని పెద్దలు మొట్టమొదట చేయు పని, సహాయము పొందినవారి పట్టికను రామాలయపు గోడకు అంటించుట: ఇంటిపేరు, పేరు, వీధి, "క్షయ రోగి" అనియో "భర్త విడిచినది" అనియో కారణము, దాని కెదురుగా రెండువేల రూపాయలు. మరునాటినుండి ఆ రోగికి కొట్టువాడు గాజుగ్లాసు మాని కాగితపు కప్పులో టీ పోయును. ఆ పట్టిక చదివిన మరియొక ఇల్లాలు, పిల్లలు పస్తున్నను, సంఘపు గడప తొక్కదు. ఊరు దీనినే పారదర్శకత యని మెచ్చుకొనును!

చందా ఎంత వచ్చినది, ఏ దుకాణమున ఏ ధరకు కొన్నారు, నిలువ యెంత అను విషయములు అడిగిన నాడే చూపవలసినవి. ఒక యింటి రోగము, ఒక కాపురపు కలహము, ఒక కార్యకర్తపై వచ్చిన ఫిర్యాదు మాత్రము విచారించువారి నడుమనే యుండవలెను. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. చేయి చాచినవానికి ఆ హక్కు లేదని అందెక్కడను లేదు.

సమాచార హక్కు దరఖాస్తు పడవేసినచో ఏ సంఘపు మాటలైనను బయటపడునని నమ్మువారికి ఒక్క మాట: ప్రభుత్వపు సొమ్ము గణనీయముగా ముట్టని సంఘమునకు 2005 నాటి ఆ చట్టము నేరుగా వర్తింపదు. అంతమాత్రమున, జీతము లేనివానిని లెక్క లడుగరాదనుట శుద్ధ అబద్ధము.

అయినను, పుకారు పుట్టించినవారిని బొత్తిగా తప్పుపట్టుటకు నోరు రాకున్నది. టార్పాలిన్ల బేరము కోశాధికారి బావమరిదికి కట్టబెట్టి, అడిగినవారితో "అది అంతర్గత విషయము" అని గంభీరముగా పలుకు సంఘములు మన జిల్లాలో లేవని నేను ప్రమాణము చేయజాలను. రోగి పరువు కొరకు మూసిన తలుపు చాటున బావమరిది దాగుట మన మెరుగని వింత కాదు.

కావున ఏ విషయములు తలుపు మూసి మాటలాడుదురో ముందుగనే వ్రాసి గోడకు అంటింపుడు. గోడమీది పట్టికలో పేర్లకు మారుగా అంకెలుంచి, ఏ అంకె ఎవరిదో తెలుపు పుస్తకమును సంఘముతో బంధుత్వము లేని విశ్రాంత ఉపాధ్యాయు నొకనికి చూపి సరిచూపింపుడు. తన వారి విషయము వచ్చినపుడు సభ్యుడు లేచి వెలుపలికి పోవలెను. పోయినట్లు మినిట్సులో వ్రాయవలెను. ఇక అనుమానపడు మహాశయులారా, పుకారు మోయుట మాని, ఒక్క ఆదివారము వచ్చి వోచర్లు తిరుగవేయుడు. చూపనిచో, అప్పుడు ఊరంతయు వినునట్లు అడుగుడు.