ఓటడిగే వారిని ఒక్క మాట

2023 శాసనసభ ఎన్నికలప్పుడు హైదరాబాదులో మా గల్లీకి ఇద్దరు అభ్యర్థులు వచ్చారు. గల్లీ మొదట్లో నిజాముల కాలం నాటి కమాను ఒకటి ఉన్నది. డంగుసున్నం పెచ్చులు రాలుతున్నా నిటారుగానే నిలబడి ఉన్నది. దాని గతి ఏం చేస్తారని ఇద్దరినీ అడిగాను. కాలేజీలో తెలుగు చెప్పుకునేవాడికి వేరే పనేముంటుంది అనుకోకండి!

మొదటాయన చేతులు జోడించి, "సారూ, అది మన సంస్కృతి. ప్రాణం పెట్టి కాపాడుకుంటాం" అన్నాడు. నాకు కడుపు నిండిపోయింది. తీరా సాయంత్రం కిరాణా కొట్టు సేఠ్ అసలు సంగతి చెప్పాడు. రోడ్డు వెడల్పు చేయిస్తానని కొట్లవాళ్లకు మాట ఇచ్చినదీ ఆయనేనట! కమాను ఉండగా రోడ్డు వెడల్పయ్యేదెట్లా?

రెండవ ఆయన దాపరికం లేని మనిషి. "బతికున్నవాళ్లకు దారి ముఖ్యం సార్. కమానును ఫోటో తీసి పెట్టుకుందాం" అన్నాడు. నాకు కోపం వచ్చింది గాని, ఆ మాటలో మోసం లేదు. అంబులెన్సు లోపలికి రాలేక, మా పక్కింటి పెద్దాయనను మంచం మీద మోసుకుపోయిన రాత్రి నేనూ ఒక భుజం పట్టాను.

ఇది మా ఒక్క గల్లీ గొడవ కాదు. ఎర్రమంజిల్ సంగతే చూడండి. నవాబు ఫక్రుల్ ముల్క్ గుట్ట మీద కట్టించుకున్న మహలు అది. దానిని కూల్చి కొత్త శాసనసభా భవనం కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది. 2019 జూన్ 27న శంకుస్థాపన కూడా జరిగింది. పౌరులు కొందరు, నవాబు వంశస్థులు కోర్టుకెక్కారు. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. మహలును నిలబెట్టింది ఏ నాయకుడి ఉపన్యాసమూ కాదు. చట్టమూ, దానిని పట్టుకొని కోర్టు మెట్లెక్కిన మనుషులూ.

పోనీ, చట్టమైనా స్థిరంగా ఉంటుందా? నగరంలోని పాత కట్టడాలకు రక్షణగా 1995లో వచ్చిన పదమూడవ నిబంధన 2015లో రద్దయింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. వీటిని తెచ్చేదీ, తీసేదీ మనం ఓటేసి పంపినవారే గదా!

పాతది ఉంటే కొత్తది రాదన్న వాదం కూడా పూర్తిగా నిజం కాదు. 1955లో నాగార్జునసాగర్‌కు పునాది పడింది. లోయ మునగక ముందే తవ్వకాలు జరిపి, ముఖ్యమైన బౌద్ధ కట్టడాలను కొండ మీదికీ, అనుపుకూ తరలించి మళ్లీ నిలబెట్టారు. పొలాలకు నీళ్లూ వచ్చాయి, నాగార్జునకొండ చరిత్రా దక్కింది. ముందుగా ఆలోచించి, డబ్బు ఖర్చు పెట్టినందువల్లనే అది సాధ్యమైంది.

అందుచేత, ఈసారి ఓటడగ వచ్చినవారిని "కాపాడతారా?" అని అడగకండి. ఔననడం చాలా సులభం. రక్షిత కట్టడాల జాబితాలో చేరుస్తారా? మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? అంబులెన్సుకు దారి ఏది? ఈ మూడూ అడగండి. నేను ఆనాడు మొదటిది కూడా సరిగా అడగలేదు.

కమాను ఇంకా నిలిచే ఉన్నది. పెచ్చులూ రాలుతూనే ఉన్నాయి.