మెదడు కోటలోకి మందు పంపిన ఇద్దరు: భీమవరం సుబ్బారావు, మియాన్ చన్ను అయూబ్ ఒమ్మాయా

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి వేసే ప్రతి రైతుకూ ఒక సంగతి తెలుసు. ఆకు మీద ఉన్న పురుగు మందు కొడితే చస్తుంది. కాయలోకి దూరిన గులాబీరంగు పురుగుకు మాత్రం ఎంత కొట్టినా అందదు. మందు మంచిదే, కానీ చేరాల్సిన చోటికి చేరదు. మెదడులో కణితికి వైద్యం చేసే డాక్టర్ల కష్టం కూడా ఇలాంటిదే.

మెదడుకు అల్లాహ్ గట్టి కాపలా పెట్టాడు. అక్కడి సన్నటి రక్తనాళాల గోడల్లో కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. ఆక్సిజన్, గ్లూకోజ్ లోపలికి వెళ్తాయి. విషాలు, సూక్ష్మజీవులు చాలావరకు బయటే ఆగిపోతాయి. 1885లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించి చూస్తే ఒళ్లంతా రంగు పట్టింది గానీ మెదడుకు పట్టలేదు. మనల్ని కాపాడే ఈ గోడే జబ్బు చేసినప్పుడు మందును కూడా ఆపేస్తుంది.

ఈ కథలో మొదటి మనిషి మన తెలుగువాడే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా వెళ్లాడు. మళ్లీ సొంత ఊరు చూడలేదు. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది, తర్వాత దానికి అడ్డుపడే మందులను కూడా తయారు చేసింది. అలా వచ్చిందే మెథోట్రెక్సేట్. రక్త క్యాన్సర్ పిల్లలకు ఈ రకం మందులతోనే మొదటిసారి ఊరట దొరికింది. సుబ్బారావు 1948లో, 53 ఏళ్లకే చనిపోయాడు.

అయితే కొత్త చిక్కు వచ్చింది. రక్తంలో తగ్గిన జబ్బు కొందరు పిల్లల్లో మెదడు చుట్టూ దాక్కుని మళ్లీ పైకి లేచేది. మామూలు మోతాదులో మెథోట్రెక్సేట్ ఆ గోడ సరిగా దాటదు. దాంతో వెన్నులో సూది గుచ్చి ఎక్కించాల్సి వచ్చేది. అది మాటిమాటికీ చేయాలంటే నొప్పి, శ్రమ.

అక్కడ రెండో మనిషి వచ్చాడు. అయూబ్ ఖాన్ ఒమ్మాయా 1930లో, విభజనకు ముందు, పంజాబ్‌లోని మియాన్ చన్నులో పుట్టాడు. లాహోర్‌లో డాక్టరీ చదివి, ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, తర్వాత అమెరికాలో న్యూరోసర్జన్ అయ్యాడు. 1963లో ఆయన ఒక చిన్న సాధనం గురించి ప్రకటించాడు. తల చర్మం కింద చిన్న సిలికాన్ బుడగ, దాని నుంచి మెదడు లోపలి నీటి గదిలోకి సన్నటి గొట్టం. అంతే. వెన్ను గుచ్చే పని లేకుండా, తల చర్మం మీది నుంచి సన్న సూదితో ఆ బుడగలోకి మందు ఎక్కించవచ్చు. మొదట ఫంగస్ వల్ల వచ్చే మెదడు పొరల జబ్బుకు వాడారు, తర్వాత క్యాన్సర్‌కూ వాడారు. ఈరోజుకీ దాని పేరు 'ఒమ్మాయా రిజర్వాయర్'. తెలుగువాడి మందుకు ఒక ముస్లిం డాక్టర్ దారి వేశాడన్నమాట. ఒమ్మాయా 2008లో ఇస్లామాబాద్‌లో కన్నుమూశాడు.

దీంతో అన్నీ అయిపోలేదు. ఈ దారిలో మందు మెదడు చుట్టూ ఉన్న నీటిలోకి చేరుతుంది గానీ గట్టి కణితి లోతుల్లోకి పోదు. గ్లయోబ్లాస్టోమా లాంటి మొండి కణితికి ఆపరేషన్, రేడియేషన్‌తో పాటు గోడను కొంతవరకు దాటగల టెమోజోలమైడ్ మాత్ర ఇస్తున్నారు. ఆపరేషన్ చేసిన చోట పెట్టే మందు బిళ్లలకు అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీలో శాస్త్రవేత్తలు మందును సన్నటి కొవ్వు బుడగల్లో దాచి, మెదడు తలుపు దాన్ని ఆహారం అనుకుని లోపలికి రానిచ్చేలా ఎలుకల మీద పరీక్షలు చేశారు.

మన ఇళ్లలో తెలుసుకోవాల్సింది ఇది: పొద్దున లేవగానే పెరిగే తలనొప్పి, దాంతో వాంతులు, పెద్దవాళ్లలో కొత్తగా మూర్ఛ, చూపు మసకబారడం, ఒక పక్క కాలూ చెయ్యీ పట్టు తప్పడం. ఇవన్నీ కణితే అని కాదు. కానీ నజర్ తగిలిందనో, అసర్ అనో నెలలు గడపకూడదు. గుంటూరు జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో న్యూరో డాక్టర్‌కు చూపించాలి. స్కాన్ రాస్తే తీయించాలి. ఖర్చుకు భయపడి ఆగిపోకుండా, ఆరోగ్యశ్రీ అని మనం పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో అక్కడే అడగాలి.

జబ్బు ఇచ్చినవాడే దవా కూడా ఇచ్చాడని మన పెద్దలు చెబుతారు. ఆ దవాను వెతకడానికి ఇద్దరు జీవితాలు పెట్టారు. దువా చేస్తూనే, వేళకు ఆసుపత్రి గడప తొక్కడం మన వంతు.