తాడు లాగే హక్కు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఫ్రీమాంట్ అనే ఊరుంది. అక్కడి జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారం 1980 నాటికి బాగా పేరు చెడగొట్టుకుంది. ఏ రోజు చూసినా కార్మికుల్లో ఇరవై శాతం మంది డ్యూటీకి వచ్చేవారు కాదు. వచ్చినవాళ్లలో కొందరు పనివేళల్లోనే తాగేవారు. యాజమాన్యం మీద కసితో కారు తలుపులో ఖాళీ సీసా పెట్టి బిగించేసిన సందర్భాలూ ఉన్నాయి. 1982లో కంపెనీ తాళం వేసేసింది.

రెండేళ్లకు అదే కర్మాగారం నుమ్మీ అనే పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఈసారి అది జనరల్ మోటార్స్, టొయోటాల ఉమ్మడి సంస్థ. నడిపే బాధ్యత టొయోటాది. తొలి విడతలో చేరినవారిలో దాదాపు 85 శాతం పాత కార్మికులే. 1986 చివరికల్లా ఉత్పాదకతలో అది జనరల్ మోటార్స్ ప్లాంట్లన్నిటినీ దాటేసింది. గైర్హాజరు మూడు నాలుగు శాతానికి దిగింది. పనికిరానివాళ్లని ముద్ర వేయించుకున్న మనుషులు సాధించిన ఫలితమిది!

పాత రోజుల్లో ఫోర్‌మన్ పనితనానికి ఒకటే కొలమానం: ఇవాళ ఎన్ని కార్లు బయటికెళ్లాయి? కార్లు తయారయ్యే లైన్ ఆపడమంటే మహాపరాధం. బోల్టు సరిగా బిగియకపోయినా కారు ముందుకు పోవాల్సిందే. చివర్లో ఎవరో విప్పి సరిచేసేవారు. తప్పు కళ్లెదుటే కనిపిస్తున్నా నోరు మూసుకోమని రోజూ నేర్పే చోట మనిషికి పని మీద గౌరవం ఎలా నిలుస్తుంది?

నుమ్మీలో లైను పొడవునా, చేతికందే ఎత్తులో ఒక తాడు ఉండేది. ఏదైనా తేడా కనిపిస్తే దాన్ని లాగొచ్చు. వెంటనే దీపం వెలిగి, టీమ్ లీడర్ సాయానికి పరుగున వచ్చేవాడు. సమస్య తేలకపోతే లైనే ఆగేది. తాడు లాగినవాడి మీద కేకలుండేవి కావు. అంతకుముందు ఇంజినీర్ల చేతిలో ఉండే స్టాప్‌వాచ్ కూడా కార్మికుల చేతికొచ్చింది. తమ పనికి పట్టే సమయాన్ని వాళ్లే కొలిచి, మెరుగైన పద్ధతిని వాళ్లే రాసుకునేవారు.

అయితే, పని త్వరగా ముగిసే ఉపాయం చెబితే తన ఉద్యోగానికే ఎసరు వస్తుందనుకుంటే ఎవరు చెబుతారు? అసలు ముడి అక్కడుంది. 1988 ప్రాంతంలో గిరాకీ పడిపోయి ఉత్పత్తి సామర్థ్యంలో అరవై శాతం లోపుకు దిగింది. అయినా నుమ్మీ ఎవరినీ ఇంటికి పంపలేదు. ఖాళీ దొరికిన కార్మికులకు శిక్షణ ఇచ్చింది. ఉద్యోగాలు కాపాడతామని యూనియన్‌కిచ్చిన మాటకు అది అగ్నిపరీక్ష. ఆ పరీక్షలో నెగ్గడమే తాడు కన్నా, స్టాప్‌వాచ్ కన్నా పెద్ద సంగతి.

జనరల్ మోటార్స్ పెద్దలకు ఈ పాఠం అంత సులువుగా అందలేదు. ఒక ఉన్నతాధికారి అయితే నుమ్మీని అంగుళం కూడా వదలకుండా ఫొటోలు తీయించి, మరో ప్లాంటును అచ్చం అలాగే తయారుచేయమన్నాడట. లాస్ ఏంజెలెస్‌లోని వాన్ నైస్ ప్లాంటులో టీమ్ పద్ధతి పెట్టబోతే, ఇది ఉద్యోగాలు ఊడగొట్టే ఎత్తు అని కార్మికుల్లో చాలామంది అనుమానించారు. మేనేజర్లకేమో లెక్కంతా కార్ల సంఖ్యతోనే. 1992లో ఆ ప్లాంటు మూతపడింది. నుమ్మీలో పని నేర్చుకున్న మేనేజర్లను ఒకచోట చేర్చి పెద్ద బాధ్యత అప్పగించే బదులు తలో చోటుకీ పంపేశారు. వాళ్లు చెప్పింది నమ్మడానికి, పైనున్నవారిలో ఎక్కువమంది ఆ పద్ధతిలో ఒక్కరోజైనా పనిచేసినవారు కాదు. కంపెనీ మెల్లగా దారి మార్చుకుంటూ ఉండగానే 2009లో దివాలా పిటిషన్ వేయాల్సి వచ్చింది.