పైరుమందునకు ఎండ కాపు

శనగ, కంది పైరులకు పట్టు పచ్చపురుగుపై ఎన్.పి.వి. అను వైరసు మందును చల్లుట రైతులకు తెలిసినదే. అది యొకరి చేనిలో చక్కగా పనిచేయును. ప్రక్క చేనిలో చేయదు. అప్పుడు మందు నకిలీదని తలచుట సహజము. నకిలీ మందులు లేకపోలేదు గాని, మంచి మందును సయితము పట్టపగలు చల్లినచో ఎండయే చెఱచును. అది యెట్లో, దానికి కాపు ఏమో యిచ్చట వివరించుచున్నాము.

ఎండలో కంటికి కనబడు వెలుగే గాక కనబడని అతినీలలోహిత కిరణములు గూడ గలవు. వీని తరంగపు పొడవు 400 నానోమీటర్లకు లోపు. నానోమీటరనగా మీటరులో వందకోట్లవ వంతు. 280కి లోబడినవానిని మింటనున్న ఓజోను పొర మ్రింగివేయును. అంతకు పొడవైనవి కొంత నేలను చేరును. తరంగము పొట్టిదైనకొలది శక్తి హెచ్చు. 315కు లోపలివి వైరసు గర్భమందలి డి.ఎన్.ఏ.లో ప్రక్కప్రక్కనున్న భాగములను అతికించివేయును. అట్టి వైరసు పురుగు కడుపున పడినను వృద్ధిపొందజాలదు. మన చర్మము కమలుటయు ఈ కిరణముల పనియే.

చర్మమునకు పూయు ఎండలేపనములలో ఆక్సీబెంజోను అను పదార్థమును వాడుట కలదు. దాని అణువులందలి ఎలక్ట్రానులు కిరణమును చటుక్కున పట్టి పైమెట్టు నెక్కును. పట్టుట గొప్పగాదు, పట్టిన శక్తిని వదలించుకొనుటయే గొప్ప. వరదనీరు వచ్చునప్పుడు అలుగు పారకున్న చెరువుకట్ట తెగును గదా! ఆక్సీబెంజోనునకు మంచి అలుగు గలదు. కిరణము తగిలినంతనే అందలి హైడ్రోజను పరమాణువొకటి తానున్న ఆమ్లజనిని విడిచి ప్రక్కనున్న ఆమ్లజనికి దుముకును. శక్తి వేడిమిగా చెదరిపోగా మరల స్వస్థానమునకు వచ్చును. ఇదంతయు ముగియుటకు సెకనులో లక్షకోట్లవ వంతులు కొన్ని చాలును. అణువు చెక్కుచెదరక మఱియొక కిరణమునకు సిద్ధమగును. ఆవోబెంజోను అనునది కిరణములను బాగుగానే పట్టును గాని, తగిన తోడు లేకున్న ఎండకు తానే విరిగిపోవును.

పైరుమందులో ఈ లేపనములను కలుపబనిలేదు. బట్టలకు తెలుపునిచ్చు రాణీపాలు వంటి పొడిని కలుపుదురు. ఇది ముఖ్యముగా 350 ప్రాంతపు కిరణములను పట్టి, శక్తిలో కొంత వేడిమిగా పోనిచ్చి, తక్కినదానిని కంటికి కనబడు నీలివెలుగుగా విడిచిపెట్టును. ఉతికిన పంచె ఎండలో తళతళలాడుట అందుచేతనే. చాకిరేవున వాడు మామూలు నీలిమందు కేవలము రంగు. దానికి ఈ గుణము లేదు. కావున అంగడిలో రెంటిని కలగాపులగము చేయరాదు. రాణీపాలు సయితము 315కు లోపలి కిరణములను కొంతమేరకే ఆపగలదు గాన, అది కలిపితిమి గదాయని మధ్యాహ్నము చల్లుట తగదు.

ప్రొద్దు వాలిన పిదప చల్లినచో రాత్రియంతయు పురుగు మేతతోపాటు మందును తినును. కొంచెము బెల్లము కలిపిన మఱింత ఇష్టముగా తినును. కలుపవలసిన పాళ్లు మందు బుడ్డిమీది కాగితమున జూచుకొనవలెను. పురుగులు చిన్నవిగా నున్నప్పుడే చల్లుట మేలు. అవి చచ్చుటకు కొన్ని దినములు పట్టును; మఱునాడే చూచి నిరాశపడరాదు. కొమ్మల చివర తలక్రిందుగా వ్రేలాడు పురుగులు కనబడినచో మందు పారినదని తెలియవలెను.