బామ్మకో మీట!

కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవడు స్కూలుకి... పొద్దున తొమ్మిదికల్లా ఇల్లు నిశ్శబ్దం. కాఫీ కలుపుకుందామని బామ్మ వంటింటి వైపు నాలుగడుగులు వేసిందో లేదో, చెవులు చిల్లులుపడేలా సైరన్! కాసేపటికి గుమ్మంలో పోలీసులు. ఇంగ్లిషు అంతంతమాత్రం, కోడ్ గుర్తులేదు. పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్లిన పెద్దవాళ్లకి ఎదురుకాగల గండమిది.

తప్పు బామ్మది కాదు, కొడుకు హడావుడిగా నొక్కిన మీటది.

తలుపు పక్కన గోడకుండే కీప్యాడ్‌లో ముఖ్యంగా రెండు మీటలుంటాయి. 'అవే' నొక్కితే తలుపులూ కిటికీలతోపాటు ఇంట్లో కదలికల్ని పసిగట్టే సెన్సర్లూ మేలుకుంటాయి. 'స్టే' నొక్కితే తలుపులకీ కిటికీలకే కాపలా... లోపలివాళ్లు హాయిగా తిరగొచ్చు. ఇంట్లో మనిషి ఉన్నప్పుడు నొక్కాల్సింది రెండోదే.

మరి రోజూ కోడ్ కొట్టడం కష్టం కాదూ? అందుకే షార్ట్‌కట్ మీటలు. డీఎస్‌సీ కంపెనీ పవర్‌సిరీస్ కీప్యాడ్‌నే తీసుకోండి. అందులో ఇలాంటివి అయిదుంటాయి. రెండు సెకన్లు నొక్కిపట్టుకుంటే చాలు. ఏ మీట ఏ పని చెయ్యాలో సిస్టమ్ బిగించినవాళ్లు మార్చిపెట్టగలరు. కోడ్ లేకుండానే కాపలా మొదలయ్యేలా అమర్చుకోవచ్చు. ఆపడానికి మాత్రం కోడ్ కావాల్సిందే. తాళం ఎవరు వేసినా ఫర్వాలేదు, తీసేవాళ్లెవరన్నదే కదా ముఖ్యం!

నిప్పు, వైద్యం, పోలీసు... ఇలా ఆపదకో మీట కూడా ఉంటుంది. వీటికి కోడ్ అక్కర్లేదు. పసిపిల్లలు ఆడుకుంటూ నొక్కే ప్రమాదం ఉందనుకుంటే పనిచెయ్యకుండా ఆపించుకోవచ్చు. మార్పులు చేసి పరీక్షించే ముందు మానిటరింగ్ సెంటర్‌కి చెప్పడం మరవకూడదు. ఉత్తుత్తి అలారాలు పదేపదే మోగితే జరిమానా వేసే నగరాలు అమెరికాలో చాలానే ఉన్నాయి.

అసలు ఇంటికి కెమెరా కాపలా అన్న ఆలోచనే ఒంటరిగా ఉన్న ఓ ఇల్లాలి భయంలోంచి పుట్టింది. న్యూయార్క్ నర్సు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ భర్తతో కలిసి రూపొందించిన ఏర్పాటుకి 1969లో పేటెంట్ వచ్చింది. సాయం కోరే మీట అందులోనూ ఉంది!

అందుకే అమ్మానాన్నలు వస్తున్నారంటే గది సర్దడంతో సరిపెట్టొద్దు. వాళ్లకి గుర్తుండే అంకెలతో విడిగా ఓ కోడ్ పెట్టండి, తిరిగి వెళ్లాక తీసేయండి. 'స్టే' మీట పక్కన తెలుగులో 'ఇంట్లో ఉన్నాం' అని చీటీ అంటించండి. ఒకసారి వాళ్లచేతే నొక్కించండి. ఆ తర్వాత బామ్మ కాఫీ... నిశ్చింతగా!