ప్లగ్గు పట్టింది సరే, కరెంటు పడుతుందా?

అమెరికాకు చదువుకో ఉద్యోగానికో బయల్దేరే పిల్లల పెట్టెల్లో ఆవకాయ, కారప్పొడుల పక్కన ఏదో ఒక కరెంటు వస్తువు కూడా సర్దుతారు. మిక్సీ కావచ్చు, చిన్న రైస్ కుక్కరు కావచ్చు, ఇస్త్రీపెట్టె కావచ్చు. కొన్నేళ్ల తర్వాత హైదరాబాదుకో విశాఖకో తిరిగొచ్చేసేవాళ్లు అక్కడ ముచ్చటపడి కొన్నవన్నీ ఇటు మోసుకొస్తారు. ఏది పనిచేస్తుందో, ఏది చేయదో చెప్పడానికి రెండువైపులా చుట్టాలూ స్నేహితులూ సిద్ధంగా ఉంటారు. ఆ సలహాల్లో కొన్ని వస్తువును మాడ్చేస్తాయి. కొన్ని ఇంటికే నిప్పు తెస్తాయి.

మన దేశంలో గోడ ప్లగ్గులో వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా, కెనడాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. వస్తువు ఏది తట్టుకుంటుందో దాని అడుగునో వెనకో ఉన్న చిన్న లేబుల్ మీద రాసి ఉంటుంది. పెట్టె సర్దేముందు వస్తువును తిరగేసి ఆ లేబుల్ చదవండి. మిగతా సలహాలన్నీ ఆ తర్వాతే.

అపోహ: అడాప్టరు తగిలిస్తే ఏ వస్తువైనా ఏ దేశంలోనైనా పనిచేస్తుంది.

వాస్తవం: ఎక్కువ వస్తువుల ప్రాణం తీస్తున్న నమ్మకం ఇదే. వంద రూపాయల అడాప్టరు చేసేది ఒక్కటే, పిన్నుల ఆకారం మార్చడం. గుండ్రటి పిన్నులను బల్లపరుపు కన్నాల్లో దూరేలా చేస్తుంది. లోపల పారే కరెంటును అది ముట్టుకోదు. అమెరికాలో కొన్న ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్నే తీసుకోండి. లేబుల్ మీద 120 వోల్టులు, 1000 వాట్లు అని ఉంటుంది. దాన్ని అడాప్టరుతో మన గోడకు తగిలిస్తే వోల్టేజి దాదాపు రెట్టింపవుతుంది. కానీ వేడి పుట్టించే తీగలో ఖర్చయ్యే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 1000 వాట్ల కుక్కరు 3,600 వాట్లకు పైగా లాగబోతుంది. లోపలి ఫ్యూజు పోయి, కంట్రోల్ బోర్డు మాడి, ఒక కమురు వాసన వస్తుంది. అంతటితో ఆగితే అదృష్టమే. 1500 వాట్ల హెయిర్ డ్రయ్యరయితే లెక్క 5,500 వాట్లకు చేరుతుంది. మన ఇళ్లలో పెద్ద ప్లగ్గు పాయింటు, 16 ఆంపియర్లది, మోయగలిగేది 3,680 వాట్లే.

అపోహ: ఎక్కువ వోల్టేజి ప్రమాదం గానీ, తక్కువైతే ఏమవుతుంది? కాస్త నెమ్మదిగా నడుస్తుంది, అంతేగా.

వాస్తవం: కుక్కరు, ఇస్త్రీపెట్టె లాంటి వాటికి ఇది కొంతవరకు నిజం. అవి పాడవవు, పనికీ రావు. మన 700 వాట్ల కుక్కరు అమెరికా కరెంటు మీద 190 వాట్లకు పడిపోతుంది. బియ్యం నానుతూ కూర్చుంటాయి తప్ప అన్నం కాదు. మోటారు సంగతి వేరు. సగం వోల్టేజితో మిక్సీ ఉత్తి జారుతో గిర్రున తిరిగినట్టే కనిపిస్తుంది. అందులో కొబ్బరి ముక్కలో నానిన మినప్పప్పో వేయగానే బిగుసుకుపోతుంది. తిరగని మోటారులోకి వెళ్లే కరెంటంతా వేడిగా మారి, తీగచుట్టల మీది పూత కాలిపోతుంది. ఫ్రిజ్ కంప్రెసరుకూ, వెట్ గ్రైండరుకూ ఇదే గతి.

అపోహ: మంచి ట్రాన్స్‌ఫార్మరు కొనుక్కుంటే ఇక దిగుల్లేదు.

వాస్తవం: వోల్టేజి దిగులు తీరుతుంది, హెర్ట్జ్ దిగులు తీరదు. కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూఇటూ ఊగుతుందో చెప్పేది హెర్ట్జ్. మామూలు ట్రాన్స్‌ఫార్మరు ఆ సంఖ్యను మార్చలేదు. అమెరికా మైక్రోవేవుల్లో, పాతకాలపు అలారం గడియారాల్లో చాలావాటికి ఆ ఊపులే లెక్క. 60 ఊపులు పూర్తయితే ఒక సెకను అయిందనుకుంటాయి. ట్రాన్స్‌ఫార్మరు పెట్టి మన ఇంట్లో నడిపితే, ఇక్కడ సెకనుకు 50 ఊపులే కాబట్టి, గంటకు పది నిమిషాలు వెనకబడతాయి. ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకు సరిచేసి పెట్టిన గడియారం రేపు పన్నెండింటికి ఉదయం ఎనిమిది చూపిస్తుంది. గడియారం తప్పితే పోనీ అనుకోవచ్చు. అదే మైక్రోవేవులో 60 హెర్ట్జ్‌కు చేసిన బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఉంటే, 50 మీద అది ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఎదురు దిశలో, మన వెట్ గ్రైండరు మోటారు 60 హెర్ట్జ్ మీద ఐదోవంతు ఎక్కువ వేగంతో తిరుగుతుంది. మిక్సీకి ఈ పేచీ లేదు. అందులో బ్రష్షులున్న మోటారు ఉంటుంది, దానికి సరైన వోల్టేజి అందితే చాలు.

ట్రాన్స్‌ఫార్మరు సైజు దగ్గర కూడా మోసపోతుంటారు. 750 వాట్ల మిక్సీకి 750 వాట్ల ట్రాన్స్‌ఫార్మరు చాలదు. మోటారు అందుకునే క్షణంలో ఎన్నో రెట్లు లాగుతుంది కాబట్టి కనీసం రెట్టింపుది తీసుకోవాలి. పోనీ 3,000 వాట్లది కొన్నామనుకోండి, అమెరికా ఇళ్లలో మామూలు 15 ఆంపియర్ల లైను ఇవ్వగలిగేదే 1,800 వాట్లు. ఇక అరచేతిలో పట్టేంత చిన్నగా ఉండి 1,600 వాట్లని చెప్పుకునే ‘ట్రావెల్ కన్వర్టర్లు’ కరెంటు తరంగాన్ని తరిగి ఇస్తాయి. అవి డ్రయ్యరు, ఇస్త్రీపెట్టె లాంటి వేడి పుట్టించే సాదా వస్తువులకే తగినవి. మోటార్లకూ, ఎలక్ట్రానిక్ బోర్డులకూ వాటిని వాడొద్దు.

అందుకే నేను అడిగినవాళ్లందరికీ ఒకటే చెబుతాను. మిక్సీ, గ్రైండరు లేనిదే వంట సాగదనుకునేవాళ్లు మన కంపెనీలే అమెరికా కోసం తయారుచేసే 110 వోల్టుల మోడల్ కొనుక్కోండి. గ్రైండరయితే లేబుల్ మీద 60 హెర్ట్జ్ ఉందో లేదో కూడా చూసుకోండి. తిరిగొచ్చేటప్పుడు దాన్ని మాత్రం అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రండి. చూడ్డానికి అచ్చం మన మిక్సీలాగే ఉంటుంది గనక ఇక్కడ ఎవరో ఒకరు ఆలోచించకుండా గోడకు తగిలిస్తారు.

అపోహ: అమెరికాలో 240 వోల్టులే ఉండవు.

వాస్తవం: ఉంటాయి. బట్టలారబెట్టే డ్రయ్యరుకూ, కరెంటు పొయ్యికీ పెద్ద ప్లగ్గుల్లో 240 వోల్టులే వస్తాయి. అయితే హెర్ట్జ్ మాత్రం 60. పైగా మన దగ్గర ఒక తీగ ఫేజు, ఒకటి న్యూట్రల్. అక్కడ రెండు తీగలూ ఫేజులే, న్యూట్రల్ వాటి మధ్య ఉంటుంది. అద్దె ఇంట్లో సొంతంగా తీగలు లాగి మన వస్తువును దానికి కలిపే పని ఎవరూ చేయకూడదు.

అపోహ: గల్ఫ్ కరెంటు మన కరెంటే.

వాస్తవం: దుబాయ్, కువైట్, ఖతర్‌ల వరకు దాదాపు అంతే. ప్లగ్గే బ్రిటన్ తరహా మూడు దీర్ఘచతురస్రాకారపు పిన్నులది. సౌదీలో మాత్రం వోల్టేజి మనదే అయినా 60 హెర్ట్జ్. జపాన్‌లో 100 వోల్టులు, అది కూడా టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో టోక్యోవాళ్లు జర్మనీ యంత్రాలు, ఒసాకావాళ్లు అమెరికా యంత్రాలు తెచ్చుకున్నారు. ఆ తేడా ఇప్పటికీ పోలేదు.

అపోహ: లాప్‌టాప్‌కు, ఫోనుకు కూడా స్టెబిలైజరో ట్రాన్స్‌ఫార్మరో కావాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఛార్జరు మీద ‘ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంటే అడాప్టరు ఒక్కటి చాలు. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ల విషయంలో జాగ్రత్త. కొన్నిటికి వెనక ఫ్యాను పక్కన 115, 230 అని రాసిన ఎర్ర స్విచ్చు ఉంటుంది. అది 115 మీద ఉండగా మన కరెంటు ఇస్తే ‘ఠప్’మని పేలుతుంది.

అపోహ: అమెరికా ఫోను, టీవీ ఇక్కడ కూడా అలాగే పనిచేస్తాయి.

వాస్తవం: ఫోను ఛార్జి అవుతుంది, సిమ్ము దగ్గర చిక్కొస్తుంది. అక్కడ వాయిదాల మీద కొన్న ఫోను కంపెనీ లాక్‌లో ఉంటుంది. బాకీ తీర్చి, అక్కడుండగానే అన్‌లాక్ చేయించుకోవాలి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటిలో సిమ్ము పెట్టే చోటే లేదు, ఈ-సిమ్ ఒక్కటే దారి. తల్లిదండ్రులకు అలాంటి ఫోను తెచ్చేవాళ్లు, వాళ్ల నంబరును ముందుగా ఈ-సిమ్‌కు మార్పించాలి. ఇటునుంచి వెళ్లేవాళ్లకూ చిక్కుంది. అమెరికా పెద్ద కంపెనీలు 2022లోనే 3జీ మూసేశాయి కాబట్టి, వాళ్ల నెట్‌వర్క్‌లో 4జీ మీద నడిచే వోల్టీ కాల్స్ పలకని ఫోనుతో మాట్లాడటం కుదరదు. టీవీల్లో 120 వోల్టులకే చేసినవి చాలా ఉన్నాయి. వోల్టేజి కుదిరినా లోపలి ట్యూనరు అమెరికా ప్రసార పద్ధతిదే. సెట్‌టాప్ బాక్సును హెచ్‌డీఎంఐ తీగతో కలిపితేనే బొమ్మ వస్తుంది.

అపోహ: మూడో పిన్ను లేకపోయినా వస్తువు నడుస్తుందిగా, అదెందుకు?

వాస్తవం: నడుస్తుంది. మన ప్లగ్గులో పైన ఉండే లావుపాటి, పొడవాటి పిన్ను ఎర్తు. చవక యూనివర్సల్ అడాప్టర్లలో చాలావాటికి ఆ పిన్ను దూరే కన్నం ఉంటుంది గానీ లోపల రేకు ఉండదు. ఇస్త్రీపెట్టెలోనో కుక్కరులోనో తీగ తెగి లోహానికి తగిలితే, ఎర్తు ఉన్నచోట కరెంటు అటు పారి ఫ్యూజో బ్రేకరో పడిపోతుంది. ఎర్తు లేనిచోట ఆ లోహం కరెంటుతో అలాగే ఉండి, తడిచేత్తో ముట్టుకున్న మనిషి గుండా దారి వెతుక్కుంటుంది. లోహపు ఒళ్లున్న వస్తువుకు ఎర్తు కలిసే అడాప్టరే కొనండి. దొరక్కపోతే, ఆ దేశపు ప్లగ్గునే ఎలక్ట్రీషియన్ చేత వేయించుకోండి.