అమీర్‌పేట గదుల నుంచి అడవి ఒడ్డు సముద్రానికి
అండమాన్ వెళ్తున్న మన పల్లె బిడ్డలు - బావి ఈతను నమ్ముకొని కడలిలో దిగరాదు

అమీర్‌పేట మైత్రీవనం కూడలిలో నిలబడి తలెత్తి చూస్తే ఆకాశం అరచేయి వెడల్పున కూడా కనిపించదు. పైన మెట్రో వంతెన, పక్కన ఒకదానిపై ఒకటిగా కంప్యూటర్ శిక్షణ కేంద్రాల బోర్డులు, వాటి వెనుక సందుల్లో హాస్టళ్లు. ఒక్కో గదిలో ముగ్గురు, నలుగురు. మన పల్లెల నుంచి చదువు ముగించుకొని ఉద్యోగానికి బయలుదేరిన పిల్లల్లో చాలామంది ఏదో ఒక సమయంలో ఈ గదుల్లో తలదాచుకున్నవారే. అక్కడి నుంచి మెట్రోలో ఒక్క స్టేషను దాటితే పంజాగుట్ట. అక్కడా అంతే. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా వాహనాల మోత తప్ప మరో శబ్దం చెవిన పడదు.

ఇటువంటి చోట రెండు మూడేళ్లు గడిపిన పిల్లలకు నాలుగు జీతాలు చేతిలో పడగానే, తిరుపతి మొక్కు తీర్చుకున్న తరువాత, కలిగే కోరిక సముద్రం. అందులోనూ జనం లేని సముద్రం. గోవా పాతబడిపోయింది. ఇప్పుడు నలుగురు కలిస్తే వినిపించే పేరు అండమాన్.

"అమ్మా, దోస్తులతోటి అండమాన్ పోతున్న" అని కొడుకు ఫోను చేస్తే, "అదేందిరా, ఆ జైలున్న కాడికా?" అని తల్లి ఉలిక్కిపడటంలో ఆశ్చర్యం లేదు. మన పెద్దలకు అండమాన్ అంటే కాలాపానీయే. హైదరాబాద్‌కు ఆ దీవులతో తొలి సంబంధం కూడా అటువంటిదే. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకొని కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీపై దాడి చేశారు. తుర్రెబాజ్ ఖాన్‌ను కాల్చి చంపారు. మౌల్వీని అండమాన్‌కు పంపారు. ఆయన మళ్లీ ఈ గడ్డ చూడలేదు, ఆ దీవుల్లోనే కన్నుమూశారు. ఇప్పుడు అందరూ చూసి వచ్చే సెల్యులార్ జైలు అప్పటికి కట్టనే లేదు. అది పూర్తయింది 1906లో.

ఒకనాడు మౌల్వీ తిరిగి రాలేని చోటికి ఇప్పుడు శంషాబాద్‌లో విమానమెక్కితే రెండున్నర గంటలలోపే చేరుకోవచ్చు. 2008 మార్చి వరకు విమానాలు అమీర్‌పేటకు కూతవేటు దూరంలోని బేగంపేట నుంచే లేచేవి. ఇప్పుడు శంషాబాద్ దాకా పోవాలి, అంతే తేడా. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా నుంచి ఓడలు కూడా ఉన్నాయి కాని వాటికి రెండు మూడు రోజులు పడుతుంది. ప్రయాణం తేదీలు కూడా తరచు ఉండవు. సెలవు చీటీ మీద పోయే ఉద్యోగికి అవి కుదరవు.

పోర్ట్‌బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. అక్కడ దిగిన మనవాళ్లకు మొదట ఎదురయ్యే వింత తెలుగు. బజారులో, చేపల రేవులో, ఆటో స్టాండులో తెలుగు చెవిన పడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలవి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ప్రతి వందమందిలో 13 మంది మాతృభాష తెలుగే. అడ్రసు అడగడానికి హిందీ వెతుక్కోవలసిన పని లేదు.

పొలాలు దాటితే అడవి

అందరూ చూడాలనుకునే రాధానగర్ తీరం మాత్రం అక్కడ లేదు. మళ్లీ పడవ ఎక్కి గంటన్నర నుంచి రెండున్నర గంటల దాకా పోవాలి. హేవ్‌లాక్ అని పిలిచే ఆ దీవికి 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. రేవులో దిగి పన్నెండు కిలోమీటర్లు రోడ్డు మీద వెళితే తీరం వస్తుంది. దారి పొడవునా వరి మడులు, వక్కతోటలు, అరటి, కొబ్బరి. మన ఊరి దారిలాగే ఉంటుంది. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు అక్కడ భూములిచ్చారు. రాధానగర్, కృష్ణానగర్, గోవిందనగర్ అన్నీ వారి ఊళ్లే.

పొలాలు అయిపోగానే అడవి మొదలవుతుంది. మన అడవి వంటిది కాదు. వేసవిలో ఆకు రాల్చి ఎండిపోయే టేకు, మోదుగ అడవులు చూసిన కన్నుకు ఆ పచ్చదనం కొత్త. హైదరాబాద్‌లో ఏడాది పొడవునా కురిసే వాన 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూ అయితే అక్కడ దాదాపు 3,000 మిల్లీమీటర్లు. ఒక వాన వెనుక మరో వాన. నైరుతి మేఘం మన వాకిలికి చేరకముందే, మే నెలలోనే, అక్కడ దిగుతుంది. ఈశాన్య రుతుపవనంలోనూ కురుస్తుంది. అందుకే గర్జన్ చెట్లు ముప్ఫయి, నలభై మీటర్లు ఎదుగుతాయి. పడౌక్ అనే చెట్టు మొదలు చుట్టూ వేళ్లు పలకల్లా విప్పారి మనిషి ఎత్తున నిలబడతాయి. దాని చేవ ఎర్రన. మన శేషాచలం ఎర్రచందనానికి, వేగిస చెట్టుకు అది దగ్గరి చుట్టమే.

ఆ అడవిలో పులి లేదు, చిరుత లేదు, ఎలుగుబంటి లేదు. మన రైతులు విని సంతోషించే మాట ఒకటుంది. అండమాన్ అడవులకు కోతి కూడా సహజంగా లేదు.

చెట్లు ఇసుక దాకా వచ్చి ఆగుతాయి. ఒక్కసారిగా వెలుతురు, దాని కింద తెల్లని మెత్తని ఇసుక, ఆపైన నీలం నీరు. మన కోస్తా ఇసుక గోదావరి, కృష్ణ కొండల నుంచి మోసుకొచ్చిన రాతి పొడి. అక్కడిది చాలావరకు విరిగిన పగడాల, గవ్వల పిండి. అందుకే ఆ తెలుపు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో ఉత్తమ తీరమని మెచ్చుకున్న తరువాత దాని పేరు మారుమోగింది. ఒడ్డు మీద భవనాలు కానరావు. ఉన్న ఒకటి రెండు ఖరీదైన విడుదులు కూడా చెట్ల వెనుక దాగి ఉంటాయి.

ఏకాంతం మాట కొంచెం నిజం చెప్పుకోవాలి. డిసెంబరులో మధ్యాహ్నం మూడు దాటాక పోతే పంజాగుట్ట సెంటరులో ఉన్నంత కాకపోయినా, జాతర నాటి జనం ఉంటారు. సూర్యాస్తమయం చూడటానికి బండ్లన్నీ ఒకేసారి వస్తాయి. పొద్దున్నే వెళ్లినవారికే ఆ తీరం ఒంటరిగా దొరుకుతుంది. అలల చప్పుడు, వెనుక చిలుకల అరుపు, అంతే.

గడియారం అక్కడ మోసం చేస్తుంది. దేశమంతటికీ ఒకే సమయం కాబట్టి, హైదరాబాద్‌కు అంత తూర్పున ఉన్న ఆ దీవుల్లో పొద్దు దాదాపు గంట ముందు పొడుస్తుంది, గంట ముందు కుంకుతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే సూర్యుడు మునుగుతాడు. ఇది తెలియక ఐదున్నరకు చేరి చీకటి చూసి వచ్చినవారు ఉంటారు.

అడవి ఎలా మిగిలింది

ఆ దీవుల్లో ఇప్పటికీ 80 శాతానికి పైగా అడవే. అది దానంతట అది మిగల్లేదు. దశాబ్దాల పాటు అక్కడ కలప కొట్టారు. దుంగలు లాగడానికి ఏనుగులను తీసుకొచ్చారు. వాటిలో రాజన్ అనే ఏనుగు సముద్రంలో ఈదడం నేర్చి ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది. పని ఆగాక హేవ్‌లాక్ తీరంలోనే బతికి 2016లో కన్నుమూసింది. 2002లో సుప్రీంకోర్టు అండమాన్ చెట్ల నరికివేతకు గట్టిగా కళ్లెం వేసింది. అడవి తీసేస్తే అంతటి వానకు మట్టి కొట్టుకొచ్చి పగడాలను కప్పేస్తుంది. పగడం చస్తే తెల్ల ఇసుక తయారు కాదు. చెరువు గట్టు మీద చెట్లు కొడితే ఏమవుతుందో తెలిసిన మన రైతుకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

అటువంటిదే ఇంకా మారుమూల తీరం దక్షిణాన గ్రేట్ నికోబార్‌లోని గలాథియా. తోలుతాబేళ్లు గుడ్లు పెట్టే చోటది. 2021లో దాని అభయారణ్యం హోదాను తొలగించారు. 2022 నవంబరులో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కలిపిన భారీ పథకానికి పర్యావరణ అనుమతి ఇచ్చారు. ఆ పథకానికి దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవి కావాలి. దేశ రక్షణకు, వ్యాపారానికి అవసరమని ప్రభుత్వం అంటున్నది. పోయిన అడవి తిరిగి రాదని శాస్త్రవేత్తలు అంటున్నారు. అమీర్‌పేట పిల్లలు ఆ తీరాన్ని ఎన్నడైనా చూస్తారో లేదో.

బావి వేరు, కడలి వేరు

పిల్లలను పంపే తల్లిదండ్రులు గట్టిగా చెప్పవలసినది మరొకటి ఉంది. మన పిల్లలు బెండ్లు కట్టుకొని బావిలో ఈత నేర్చినవారు. ఈత వచ్చన్న ధీమా వారికి మెండు. బావిలో నీరు నిలబడి ఉంటుంది. సముద్రంలో ఒడ్డుకు వచ్చిన నీరు ఏదో ఒక సందున వెనక్కి జోరుగా పోతుంది. ఆ పాయలో చిక్కినవాడు ఒడ్డు వైపు ఎంత ఈదినా అక్కడే ఉంటాడు. చివరికి అలసి మునుగుతాడు. చేయవలసింది పెనుగులాడటం కాదు. వెల్లకిలా తేలి, ఒడ్డుకు అడ్డంగా పక్కకు ఈది, పాయ దాటాక గట్టు పట్టాలి. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన సంగతి ఎవరూ మరచిపోలేదు. అది నది, కారణం వేరు. కాని ఎరుగని నీళ్ల అంచున నిలబడిన పిల్లలు మాత్రం మనవారే.

ఆ దీవుల వాగుల్లో, మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. 2010లో రాధానగర్ పక్కనున్న చిన్న మలుపు దగ్గర ఒక విదేశీ యువతిని మొసలి పొట్టన పెట్టుకుంది. జనం లేని మూల బాగుందని అటు పోయి నీళ్లలో దిగరాదు. కాపలా మనుషులు ఉన్నచోటే, వారు జెండా పాతిన హద్దులోనే స్నానం చేయాలి. మందు తాగి దిగేవారికి చెప్పేదేమీ లేదు.

ఇసుకలో కంటికి కనబడని పురుగులుంటాయి. కుట్టినవెంటనే తెలియదు, మరునాడు దద్దుర్లు లేస్తాయి. కొబ్బరినూనె రాసుకొని, చాప పరచుకొని కూర్చోవడం మేలు. గవ్వ బాగుందని, పగడపు ముక్క ముచ్చటగా ఉందని జేబులో వేసుకోరాదు. పగడాలు 1972 నాటి వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి. విమానాశ్రయంలో సామాను సోదాలో బయటపడితే కేసవుతుంది. చెల్లెలికి ఏదైనా తేవాలంటే దుకాణంలో రసీదుతో కొనుక్కోవాలి.

ఆదివాసులుండే ప్రాంతాలకు ఎవరు తీసుకుపోతామన్నా పోరాదు. 1956 నుంచి వాటికి చట్టం కాపలా ఉంది. టిక్కెట్లు, పడవ, బస కలిపి ఇంత అని చెప్పే ఏజెంటును, పడవ వాతావరణం బాగోలేక ఆగిపోతే ఆ పూట ఖర్చు ఎవరిదని ముందే అడిగి కాగితం మీద రాయించుకోవడం మంచిది. గాలివాన రోజుల్లో పడవలు ఆగడం మామూలే.

ఫోను సంగతి కూడా ఇంట్లోవారికి చెప్పి వెళ్లాలి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక దీవుల్లో ఫోన్లు మెరుగుపడ్డాయి. అయినా అడవి వెనుకనున్న ఆ ఒడ్డున సిగ్నలు తరచు అందదు. కొడుకు ఫోను కలవలేదని ఊరంతా కంగారు పడనక్కరలేదు. పొద్దు మునిగాక బండ్లు వరుసగా రేవు వైపు తిరుగుతాయి. వక్కతోటలు దాటి ఊళ్లోకి వచ్చేసరికి ఫోను పలుకుతుంది. అక్కడ దీపాలు పెట్టే వేళకు మన ఊళ్లో ఇంకా వెలుతురే, పశువులు మేత నుంచి ఇల్లు చేరి ఉండవు.